తలవంచిన ఉల్లి

ఉల్లి అనగానే మీకు వంటిల్లు గుర్తుకు వస్తుంది కదా! పూలకోసం పెంచుకొనే ఉల్లి కూడా ఒకటి ఉన్నది. అది మన కెనడా నేలలో తనంతట తాను పెరిగే మొక్క. ఇంగ్లీషులో దానిని నాడింగ్ ఆనియన్ అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అల్లియం సెర్నుయం. సెర్నుయం అంటే లాటిన్ భాషలో తల వంచినది అని అర్థం. మనము దీనిని తలవంచిన ఉల్లి అని పిలుచుకుందాము.

బ్రిటిష్ కొలంబియాలో కామ్‌లూప్స్ చుట్టుపక్కల పొడి కొండలమీద ఇది పెరుగుతుంది. అక్కడ వాన, మంచు కలిపినా సంవత్సరానికి 30 సెంటీమీటర్లు ఉండదు. కరువు సీమ అని మీ తాతగారు చెప్పే అనంతపురంలో కూడా 55 సెంటీమీటర్ల దాకా వాన పడుతుంది!

దీని ఆకులు గడ్డిపోచలవలె బల్లపరుపుగా ఉంటాయి. కూర ఉల్లికాడవలె లోపల బోలుగా ఉండవు. వేసవిలో పూకాడ మోకాలెత్తు లేచి, కొసన కొక్కెమువలె వంగుతుంది. గులాబిరంగు చిన్న పూలు గుత్తిగా వేలాడుతాయి. తేనెటీగలు తలకిందులుగా పట్టుకొని తేనె త్రాగటం చూడవలసిన వేడుక. ఇంకొక వింత: కాయలు కట్టిన తరువాత వంగిన తల మళ్లీ పైకి లేస్తుంది.

దీనికి ఎండ తగిలే చోటు, నీరు నిలవని నేల కావాలి. బంకమన్నయితే ఇసుక, కంకర కలిపి గట్టుగా ఎత్తు చేయండి. గింజలను అక్టోబరులో చల్లి, పైన పలుచగా మన్ను కప్పండి. చలికాలమంతా మంచుక్రింద చల్లగా, తడిగా ఉంటేనే అవి వసంతంలో మొలకెత్తుతాయి. పూవు చూడటానికి రెండు మూడు ఏళ్లు ఆగాలి. అంత ఓపిక లేనివారు నర్సరీలో మొక్క కొనుక్కోవచ్చు. కొండమీదనుండి మాత్రం తవ్వి తేవద్దు. మొదటి వేసవిలో నీళ్లు పోయండి. వేళ్లు నాటుకొన్నాక చెంబు పక్కన పెట్టండి. ముద్దుకొద్దీ రోజూ నీళ్లు పోస్తే గడ్డ కుళ్లిపోతుంది.

ఈ గడ్డలను ఆ ప్రాంతపు మూలవాసులు పూర్వంనుండి తింటున్నారు. గొయ్యి తీసి, కాలిన రాళ్లమీద మగ్గబెట్టి తియ్యగా వండేవారు. అయితే అదే కొండమీద డెత్ కామస్ అనే విషపు మొక్క కూడా పెరుగుతుంది. పూత లేనప్పుడు రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి. విషపు గడ్డకు ఉల్లి వాసన ఉండదు. కాని ఒకసారి ఉల్లిని నలిపిన చేతితో దానిని పట్టుకొంటే ఆ చేతి వాసనే మనలను మోసం చేస్తుంది. కాబట్టి మొక్కలు బాగా తెలిసినవారికి చూపకుండా కొండమీది గడ్డ దేనినీ నోట పెట్టకండి.