అమ్మ గార్డియన్‌షిప్ కేసు ఏ రాష్ట్రంలో వేయాలి?

డిమెన్షియా ముదిరిన తల్లికి అమెరికాలో గార్డియన్‌ను నియమించమని కోర్టుకు వెళ్లే ముందు, ఆమె ఏ నెల ఎక్కడున్నారో లెక్క తీయండి. కేసు వేసే రోజుకు ముందు వరసగా ఆరు నెలలు ఆమె ఉన్న చోటే ‘హోమ్ స్టేట్’; మామూలుగా కేసు వేయాల్సింది అక్కడే. మధ్యలో కొన్నాళ్లు ఊరెళ్లి వచ్చినా లెక్క తెగదు. యూనిఫామ్ లా కమిషన్ 2007లో తయారుచేసిన నమూనా చట్టం చెప్పేది ఇదే. అత్యధిక రాష్ట్రాలు దాన్ని అమల్లోకి తెచ్చుకున్నాయి.

ఏళ్లుగా పెన్సిల్వేనియాలో ఉన్న తల్లి రెండు నెలల క్రితం నార్త్ కరోలినాలోని కూతురింటికి మారారనుకుందాం. కేసు ఇప్పటికీ పెన్సిల్వేనియాదే. మకాం ఎత్తేసిన ఆరు నెలల వరకూ పాత రాష్ట్రానికే ఆ హోదా ఉంటుంది. అన్నదమ్ములకు చెప్పకుండా తల్లిని తీసుకెళ్లి తమకు అనువైన కోర్టులో కేసు వేసేవాళ్లున్నారు. అది అన్యాయం. అలా అడ్డదారిన కేసు తన దగ్గరికొచ్చిందని తేలితే జడ్జి విచారణకు నిరాకరించవచ్చు, ఖర్చులూ కట్టించవచ్చు.

ప్రాణం మీదికొస్తే మాత్రం ఆమె ఆ సమయానికి ఉన్న రాష్ట్రంలోని కోర్టే అత్యవసర గార్డియన్‌ను నియమించగలదు. నమూనా చట్టంలో దానికి గడువు 90 రోజులు. హోమ్ స్టేట్ కోర్టు కోరితే ఆ కేసు కొట్టేయాల్సిందే.

గార్డియన్‌ను నియమించాక తల్లి శాశ్వతంగా మారిపోతుంటే, కేసునూ బదిలీ చేయించాలి. ముందు పాత కోర్టులో పిటిషన్ వేయండి. కొత్త చోట ఆమె ఉండేదెక్కడ, వైద్యం ఎలా, చూసుకునేదెవరు అన్నవన్నీ వివరంగా రాయండి. ఆ ఏర్పాట్లు చాలినంతగా ఉన్నాయని జడ్జికి నమ్మకం కుదరాలి. నోటీసు అందినవాళ్లు అభ్యంతరం చెబితే విచారణ ఉంటుంది. బదిలీకి తాత్కాలిక ఉత్తర్వు రాగానే దాని సర్టిఫైడ్ కాపీతో కొత్త కోర్టుకు వెళ్లాలి. అక్కడ స్వీకరిస్తూ తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చాక, పాత కోర్టు తుది ఉత్తర్వుతో కేసు ముగిస్తుంది. తర్వాత కొత్త కోర్టు తుది ఉత్తర్వు ఇస్తుంది. ఈ వరస తప్పనివ్వకండి. తొందరపడి పాత కేసు ముందే మూసేయిస్తే, ఈలోగా గార్డియన్‌గా ఆసుపత్రిలో సంతకం పెట్టే అధికారం ఎవరికీ ఉండదు.

మకాం మారక, పక్క రాష్ట్రంలో బ్యాంకు పనో ఇల్లమ్మే పనో ఉంటే ఇంత తతంగం అక్కర్లేదు. నియమించిన కోర్టుకు తెలియజేసి, ఉత్తర్వు, నియామక పత్రాల సర్టిఫైడ్ కాపీలు అక్కడి కోర్టులో రిజిస్టర్ చేయిస్తే చాలు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో పిల్లల దగ్గరికొచ్చిన తల్లిదండ్రుల విషయంలో, కేసు ఎక్కడ నడవాలో తేల్చేందుకు కోర్టు భారతదేశాన్నీ ఒక రాష్ట్రంలా లెక్కలోకి తీసుకోవచ్చు. కానీ ఇండియా కోర్టు ఉత్తర్వును ఈ చట్టం కింద నేరుగా రిజిస్టర్ చేయించడం కుదరదు.

ఏ కోర్టు తగినదని తూచేటప్పుడు జడ్జి చూడాల్సిన అంశాల జాబితాలో మొదటిది ఆ పెద్దావిడ ఇష్టం. ఆమె చెప్పగలిగినప్పుడే ఎక్కడుంటారో అడిగి రాయించి పెట్టండి.