సైరన్ మోగితే పరుగా, తలుపా?

2020 మే 7 తెల్లవారుజామున మన ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదకొచ్చింది. పన్నెండు మంది పోయారు. గాజువాకలో టీవీ ముందు కూర్చుని, రోడ్డు మీద నడుస్తూనే కూలిపోతున్న వాళ్లని చూసినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. సైరన్ మోగించడానికి ఫ్యాక్టరీలో 36 చోట్ల ఏర్పాటు ఉన్నా ఎవరూ మోగించలేదని ప్రభుత్వం వేసిన కమిటీ తర్వాత తేల్చింది.

అప్పట్నుంచి మా అమ్మ రూల్ ఒకటే: "వాసనొస్తే పరిగెట్టు." గ్యాస్‌కి అది చాలావరకు కరెక్టే, కాకపోతే గాలి వీచే దారికి అడ్డంగా పరిగెట్టాలి. కానీ శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు అణు రియాక్టర్లు కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా ఉంది. రేపు అవి వచ్చి, ఏదైనా ప్రమాదం జరిగితే ఈ రూల్ పనికిరాదు.

రేడియోధార్మిక ధూళికి వాసన ఉండదు. బయట పరిగెడితే దాన్నే పీలుస్తాం, ఒంటికి పూసుకుంటాం. అందుకే చాలాసార్లు మొదటి ఆదేశం "లోపలే ఉండండి" అనే వస్తుంది. ఇటుక గోడ, స్లాబు కిరణాల్ని బాగా తగ్గిస్తాయి. కిటికీలు మూసి, ఏసీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపాలి. బయట్నుంచి వచ్చినవాళ్లు పైబట్టలు, చెప్పులు గుమ్మం దగ్గరే విప్పి కవర్లో కట్టేస్తే ఒంటిమీది ధూళి చాలావరకు అక్కడే పోతుంది. తర్వాత స్నానం. 2011లో ఫుకుషిమా దగ్గర ఆసుపత్రుల్ని హడావిడిగా ఖాళీ చేయించినప్పుడు ఆ ప్రయాణానికే ఎంతోమంది వృద్ధులు చనిపోయారు.

అయోడిన్ మాత్ర రేడియేషన్ మొత్తానికీ మందు కాదు. సీట్లు నిండిన బస్సులా థైరాయిడ్‌ని మంచి అయోడిన్‌తో ముందే నింపేస్తుంది, అంతే. సీజియంని అది ఆపలేదు. అధికారులు చెప్పినప్పుడే వేసుకోవాలి. 1986లో చెర్నోబిల్ తర్వాత గడ్డి మేసిన ఆవుల పాలు తాగిన పిల్లలకి థైరాయిడ్ క్యాన్సర్లు వచ్చాయి. కాబట్టి పాలు, ఆకుకూరలు, మూత లేని బావి నీళ్ల సంగతి కూడా ముందే ఆలోచించాలి.

సీఎస్ఈ వాడిని కదా, వెంటనే యాప్ చేద్దామనుకున్నా. 2014 హుద్‌హుద్‌కి ఫోన్లు మూగబోయిన రోజులు గుర్తొచ్చి ఆగాను. గుడి మైకు, ఆటో మైకు, వీధికొకరు ఉండాలి. ఎవరిది రేకుల ఇల్లు, వాళ్లు ఎవరి స్లాబు ఇంట్లోకి వెళ్లాలన్నది ముందే రాసుకోవాలి. మత్స్యకార గ్రామాల్లో ఇది మరీ ముఖ్యం.

ఇదంతా అమ్మకి చెప్పాను. అంతా విని, "మన తలుపు కింద బెత్తెడు సందుంది కదరా, దాని సంగతేంటి?" అంది. తడి తువ్వాలు పెట్టి చూశాం. రెండు పట్టాయి.