ఒంటరిగా జర్మనీకి – బయలుదేరేముందు ఒక లెక్క

తమ్ముళ్లారా! విదేశీ చదువు అనగానే "మనకెక్కడిది?" అంటాం. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ట్యూషన్ ఫీజు తీసుకోవు. బరువంతా అక్కడ బ్రతకడానికయ్యే ఖర్చుదే.

మన సర్టిఫికెట్లను ముందుగా ఏ.పి.ఎస్. పరిశీలించాలి. 2022 నవంబరు నుండి వీసాకు ఇది తప్పనిసరి. తర్వాత ఏడాది ఖర్చును బ్లాక్డ్ అకౌంటులో వేసి చూపాలి. 2024 సెప్టెంబరు నుండి అది 11,904 యూరోలు, అంటే పది లక్షల రూపాయల పైమాటే. అందులోంచి నెలకు 992 యూరోలే చేతికొస్తాయి.

అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఎస్.సి. విద్యార్థులకు 20 లక్షల వరకు ఇస్తుంది. అయితే మొదటి 10 లక్షలు అక్కడ దిగినట్లు రుజువు చూపాక, మిగిలినవి మొదటి సెమిస్టరు ఫలితాల తర్వాత. డబ్బు ముందు కావాలి, సాయం వెనుక వస్తుంది. ఈ మధ్యకాలంలోనే మనలాంటి ఇళ్లు వడ్డీ వ్యాపారి గడప తొక్కుతాయి. కనుక బ్యాంకు విద్యారుణానికి ముందే దరఖాస్తు చేయండి.

ఆదివారం అక్కడ దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. శనివారం రాత్రి దిగేవారు తినడానికి వెంట ఉంచుకోవాలి. గది దొరికి దిగాక రెండు వారాల్లో పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఇవి అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. మీకు ఆ కొరత ఉండకూడదు. మీలో వెళ్లినవారు వెనుక వచ్చేవారికి తప్పక చెప్పండి.