గ్రహణం మొర్రి బిడ్డకు ఇంటి పరిచర్య

చికిత్సకు నాలుగు పాదాలని చరక సంహిత చెబుతుంది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఈ నాలుగింటిలో మూడవ పాదాన్ని గురించి మన గృహాలలో ఆలోచించేవారు తక్కువ. ఏ మందు వాడాలని అడుగుతారు, ఏ వైద్యుడు మంచివాడని విచారిస్తారు. బిడ్డకు సేవ చేసేవారు దానిని ఎలా చేస్తున్నారన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టదు. పరిచారకునికి ఉపచారం తెలిసి ఉండాలి, నేర్పు ఉండాలి, రోగి పట్ల అనురాగం ఉండాలి, శుచిత్వం ఉండాలి అని శాస్త్రం. అనురాగాన్ని తల్లికీ అమ్మమ్మకూ ఒకరు నేర్పనక్కరలేదు. లోటు పడేది మొదటి గుణమే. ఆ లోటు వల్ల ఎంత అనర్థం జరుగుతుందో నేను చాలా ఖరీదుగా నేర్చుకున్నాను.

1988లో, విశాఖపట్నం వన్‌టౌన్‌లో నేను వైద్యం ప్రారంభించిన కొత్తలో, ఇరవై రోజుల మగబిడ్డను తీసుకువచ్చారు. పై పెదవితో పాటు అంగిలి కూడా చీలి ఉంది. పాలు ముక్కులో నుంచి వస్తున్నాయని, బిడ్డ ఒళ్ళు చేయడం లేదని తల్లి చెప్పింది. గురుముఖంగా నేర్చుకున్న శాస్త్రమంతా గుర్తు చేసుకుని, స్తన్యం శుద్ధి కావడానికి తల్లికి కషాయం రాసి ఇచ్చాను. పన్నెండు రోజుల తరువాత మళ్ళీ వచ్చేటప్పటికి బిడ్డ మూలుగుతూ డొక్కలు ఎగరవేస్తున్నాడు. వెంటనే పెద్దాసుపత్రికి పంపించాను కాని బిడ్డ దక్కలేదు. పాలు ఊపిరితిత్తులలోకి పోయాయని అక్కడ చెప్పారట.

మా వీధిలో ఉద్యోగ విరమణ చేసిన నర్సమ్మగారు ఒకరు ఉండేవారు. సంగతి విని ఆవిడ ఒక్క ప్రశ్న వేశారు: "బిడ్డకి పాలెలా పడుతున్నారో అడిగేరా బాబూ?" నేను అడగలేదు. తరువాత విచారిస్తే తెలిసింది. అమ్మమ్మ కాళ్ళు చాపుకుని, మనవణ్ణి వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో గొంతులో పాలు పోస్తూ ఉండేదట. ఎంతో ప్రేమతోనే పోసింది. ఇప్పుడు వ్రాయబోయే పాలు పట్టే పద్ధతి ఆ నర్సమ్మగారు నాకు నేర్పినదే.

గ్రహణానికి సంబంధం లేదు

ముందుగా ఈ వ్యాధి పేరును గురించి ఒక మాట. గ్రహణం మొర్రి అన్న పేరు వల్ల తల్లికి జరిగే అన్యాయం ఇంతా అంతా కాదు. గ్రహణం వేళ కోడలు కత్తిపీట పట్టిందని, ఆరుబయటకు వచ్చిందని నిందలు మోపుతారు. గర్భస్థ శిశువుకు పై పెదవి నాలుగు నుంచి ఏడు వారాల మధ్య, అంగిలి ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య కలిసిపోతాయి. చాలామంది తల్లులకు అప్పటికి తాము గర్భవతులమన్న సంగతే స్థిరంగా తెలియదు. ఏడవ నెలలో పట్టిన గ్రహణం, రెండవ నెలలోనే అతుక్కుపోయిన పెదవిని ఎలా చీలుస్తుంది? 1980 ఫిబ్రవరి 16న ఆంధ్రదేశం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగినప్పుడు నేను గురువుగారి ఇంట చదువుకుంటున్నాను. మొర్రితో పుట్టే బిడ్డలు గ్రహణం ఉన్న ఏడూ పుడుతున్నారు, లేని ఏడూ పుడుతున్నారు. ప్రపంచం మొత్తం మీద సుమారు 700 జననాలకు ఒకరు ఈ లోపంతో పుడతారని అంచనా.

గర్భం వికృతి చెందడానికి చరకుడు చెప్పిన కారణాలు బీజదోషం, ఆత్మకర్మ, గర్భాశయ దోషం, కాలదోషం, తల్లి ఆహార విహార దోషాలు. కత్తిపీట వాటిలో లేదు. నేటి శాస్త్రం కూడా వంశపారంపర్య లక్షణాలను, గర్భిణి ధూమపానాన్ని, మద్యపానాన్ని, మూర్ఛకు వాడే కొన్ని మందులను పేర్కొంటుంది. మేనరికపు సంబంధాలలో పుట్టుకతో వచ్చే లోపాలకు అవకాశం కొంత హెచ్చు. గర్భం ధరించడానికి ముందు నుంచే వైద్యుని సలహాతో ఫోలిక్ ఆమ్లం మాత్రలు వాడడం మంచిది. వెన్నుపాము లోపాలను అవి నివారిస్తాయని 1991 నాటికే రుజువైంది. మొర్రి విషయంలో అంత గట్టి రుజువు లేదు. ఆ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు కావడం మనకు గర్వకారణం.

పాలు పట్టే పద్ధతి

పెదవి మాత్రమే చీలిన బిడ్డ సాధారణంగా తల్లి రొమ్ము పట్టగలడు. అంగిలి చీలితే నోటికీ ముక్కుకూ మధ్య అడ్డు ఉండదు కనుక పీల్చే బలం చిక్కదు. బిడ్డ గంటసేపు రొమ్ము చప్పరించినా కడుపు నిండదు. అలసి నిద్రపోతే, పాలు చాలాయని ఇంట్లోవారు పొరబడతారు. అటువంటి బిడ్డకు తల్లిపాలనే శుభ్రంగా పిండి పట్టాలి. తల్లిపాలు ఉండగా డబ్బాపాల మీదికి మనసు పోనివ్వకూడదు.

మన ఉగ్గుగిన్నె ఇందుకు చక్కని సాధనం. తప్పు గిన్నెలో లేదు, పడుకోబెట్టడంలో ఉంది. బిడ్డను ఒడిలో దాదాపు కూర్చున్నట్టుగా నిలువుగా పట్టుకుని, మెడను అరచేతితో ఆనించాలి. గిన్నె మూతిని కింది పెదవి మీద, నోటి మూలకు ఆనించి కొద్దిగా వంచాలి. పాలు గొంతులో పోయకూడదు. నాలుకకు తగలనిచ్చి, గుటక వేసేవరకు ఆగి, మరి కొంచెం వంచాలి. మధ్యమధ్య భుజాన వేసుకుని వీపు నిమురుతూ త్రేన్పు రానివ్వాలి. ఈ బిడ్డలు గాలి ఎక్కువగా మింగుతారు. ముక్కులో నుంచి పాలు వస్తే కంగారుపడనక్కరలేదు. ఆపి, బిడ్డను ముందుకు వంచి, తుడిచి, ఊపిరి కుదుటపడ్డాక తిరిగి పట్టాలి. అరగంటకు మించితే బిడ్డ తాగినదాని కంటె ఖర్చుపెట్టే శక్తి ఎక్కువవుతుంది. పట్టిన తరువాత పావుగంటసేపు నిలువుగానే ఎత్తుకోవాలి. కాచి చల్లార్చిన నీటితో తడిపిన మెత్తని గుడ్డతో చీలికలో నిలిచిన పాలను తుడవాలి.

మొదటి వారం దాటిన బిడ్డకు రోజుకు కిలో బరువుకు 150 మిల్లీలీటర్ల పాలు కావాలి. మూడు కిలోల బిడ్డకు 450 మిల్లీలీటర్లు, అంటే ఎనిమిది విడతలుగా విడతకు 55 చొప్పున. రెండు వారాలకు పుట్టిన నాటి బరువు తిరిగి రావాలి. ఆపైన మొదటి మూడు నెలలు రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. వారానికొకసారి ఒకే త్రాసు మీద తూచి, కాలెండరు మీద వ్రాసి పెట్టుకోండి. అంకె పెరగకపోతే బిడ్డ బాగానే ఉన్నాడన్న ఎవరి మాటా నమ్మవద్దు.

శుచిత్వం గురించి విశాఖవాసులకు వేరే చెప్పాలి. ఓడరేవుకు దగ్గరి ఇళ్ళలో కిటికీ గూళ్ళ మీద రోజూ నల్లటి ధూళి తుడుచుకుంటాం. కాచిన గిన్నెను బోర్లించి, మూతపెట్టి ఉంచండి. పిండిన పాలను ఎండాకాలంలో గంట, గంటన్నరకు మించి బయట ఉంచవద్దు. బిడ్డ ఉన్న గదిలో సాంబ్రాణి పొగ కూడా వద్దు.

మానవలసినవి

స్నానం చేయించి ముక్కులలో నూనె చుక్కలు వేయడం, నోటితో ముక్కులు ఊదడం పూర్తిగా మానాలి. ఆ నూనె ఊపిరితిత్తులలో చేరి నిమ్ము తెస్తుంది.

వస పోస్తే మాట వస్తుందని మన నమ్మకం. గలగల మాట్లాడేవారిని వసపిట్టలంటాం కూడా. కాని వస వాంతి కలిగించే ద్రవ్యమని మన గ్రంథాలే చెబుతున్నాయి. అంగిలి చీలిన బిడ్డ వాంతి చేసుకుంటే ఏమవుతుందో పైన చెప్పాను. చీలిన అంగిలిని వస అతికించలేదు.

తేనె విషయంలో నా అభిప్రాయం మార్చుకున్నాను. బంగారాన్ని తేనె నేతులతో నాకించడం కాశ్యప సంహితలో ఉంది, నేనూ కొన్నేళ్ళు చేయించాను. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి ఏడాది లోపు బిడ్డ పేగులలో పెరిగి, కండరాలను చచ్చుబరచే విషాన్ని పుట్టించగలదు. అందుచేత ఏడాది నిండేవరకు తేనె వద్దు. గురువుగారు జీవించి ఉంటే దీనికి సమ్మతించి ఉండేవారనే నా విశ్వాసం.

మామూలు జబ్బులు వచ్చినప్పుడు

జలుబు ఏ బిడ్డకైనా వస్తుంది. ఈ బిడ్డకు అది చెవికి పాకుతుంది, ఎందుకంటే అంగిలి కండరాలే చెవి లోపలి గొట్టాన్ని తెరుస్తాయి. మాటలు రాని శిశువు బాధను ఎలా గుర్తించాలో కాశ్యపుడు ఒక అధ్యాయమంతా చెప్పాడు. చెవి నొప్పి ఉన్న శిశువు చేతులతో చెవులు తడుముకుంటాడు, తల అటూ ఇటూ తిప్పుతాడు, పాలు తాగడు, నిద్రపోడు. ఇవి కనిపిస్తే చెవిలో కాచిన నూనె, వెల్లుల్లి రసం పోయకుండా చెవి వైద్యునికి చూపించండి. వినికిడి పరీక్ష కూడా తప్పనిసరి.

విరేచనాలు పట్టుకుంటే పాలు ఆపకూడదు. ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దాని మీద వ్రాసిన కొలత ప్రకారం కాచి చల్లార్చిన నీటిలో కలిపి, పైన చెప్పిన భంగిమలోనే కొద్దికొద్దిగా పట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు విరేచనాలైనా జ్వరమైనా ఇంటి వైద్యం వద్దు. డొక్కలు ఎగరవేయడం, పెదవులు నీలమవడం, పాలు పూర్తిగా మానడం ఏ వయసులోనైనా వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన లక్షణాలు. మొర్రితో పాటు గుండెలో లోపం కూడా ఉండవచ్చు కనుక ఒకసారి గుండె పరీక్ష చేయించాలి.

శస్త్రచికిత్స

చీలికను అతికించే కషాయం గాని లేహ్యం గాని లేదు. ఉందనేవారిని నమ్మవద్దు. చెవితమ్మె, ముక్కు సంధానాలతో పాటు పెదవి సంధానాన్ని శుశ్రుతుడు చెప్పాడు. కత్తి పట్టడం మన శాస్త్రానికి కొత్త కాదు. పెదవికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలికి తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య శస్త్రచికిత్స చేస్తారు. అంగిలి ఆలస్యమైతే మాట ముక్కుతో రావడం అలవాటైపోతుంది. బరువు, రక్తం చాలకపోతే మత్తు ఇవ్వరు. అందుకే ఇంటి పరిచర్యకు ఇంత ప్రాధాన్యం.

ఖర్చుకు భయపడి వాయిదా వేయవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే ఈ లోపం కూడా చేరి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై, నేడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం గురించి అంగన్‌వాడీలోనో ఆసుపత్రిలోనో విచారించండి. 1923 నుంచి ఉత్తరాంధ్రకు పెద్దదిక్కుగా ఉన్న మన కింగ్ జార్జ్ ఆసుపత్రిలో పిల్లల విభాగం, ప్లాస్టిక్ సర్జరీ విభాగం రెండూ ఉన్నాయి. కుట్లు మానేవరకు వేళ్ళు, చెంచా నోటిలోకి పోనివ్వకూడదు. కుట్ల మీద పసుపు, తైలం రాయకూడదు.

కొన్నేళ్ళ క్రితం ఉక్కునగరం నుంచి ఒక దంపతులు ఇటువంటి ఆడబిడ్డతో వచ్చారు. తండ్రి బి షిఫ్టు దిగి ఇంటికి చేరాక రాత్రి రెండు విడతల పాలూ తానే పట్టేవాడు. ఆ బిడ్డ ఇప్పుడు బడిలో పాఠం పైకి చదువుతోంది. "ప", "బ" అక్షరాలు ఇంకా కొంచెం ముక్కుతో పలుకుతుంది. మాట నేర్పే నిపుణుల వద్దకు వారం వారం వెళుతున్నారు.

ఇప్పుడు ఏ పసిబిడ్డను తెచ్చినా మందుల చీటీలతో పాటు ఉగ్గుగిన్నెను కూడా తెమ్మంటాను. నాడి చూడడానికి ముందు, నా ఎదుట ఒకసారి పాలు పట్టించి చూస్తాను.