చెరువులో ఆయిల్ – చేపపిల్ల గుండెకు ముప్పు

ఈ నెల ఆరోగ్య పాఠంలో మన చెరువును గూర్చి తెలుసుకుందాం.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో ముడిచమురు బావులు లేవు. కానీ ట్రాక్టర్లు, డీజిల్ ఇంజన్ల నుండి తీసిన కాలిన ఆయిల్ ఉంది. ముడిచమురులో చేపపిల్లలకు కీడు చేసే పదార్థాలే ఇందులోనూ ఉంటాయి.

1989 మార్చి 24న అమెరికాలోని అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ అనే ఓడ రాతిగుట్టకు తగిలి, సుమారు 4 కోట్ల లీటర్ల ముడిచమురు సముద్రంలో కలిసింది. తరువాత శాస్త్రజ్ఞులు హెర్రింగ్, సాల్మన్ చేపల గుడ్లను పరీక్షించారు. పెద్ద చేపను చంపలేనంత కొద్ది చమురు కూడా గుడ్డులోని పిల్లను పాడుచేస్తుందని తేలింది. గుండె నెమ్మదిస్తుంది, చుట్టూ నీరు చేరుతుంది. దవడ, వెన్ను వంకరపోతాయి. పైకి బాగానే కనిపించే పిల్లల్లో కూడా కొన్ని గుండె ఆకారం మారి, వేగంగా ఈదలేకపోతాయి. అవి మేత పట్టలేవు, శత్రువుకు చిక్కుతాయి.

2010లో మెక్సికో సింధుశాఖలో చమురు బావి పేలింది. ఆ చమురుతో ట్యూనా చేపల గుండె కణాలను పరీక్షించినప్పుడు 2014లో కారణం తెలిసింది. గుండె సరిగా కొట్టుకోవాలంటే కణాలలో కాల్షియం, పొటాషియం రాకపోకలు జరగాలి. చమురు వాటికి అడ్డుపడుతుంది. మన దేశపు వాగుల్లో ఉండే చిన్న చారల చేప జీబ్రా ఫిష్ పిల్లల్లోనూ ఇలాంటి గుండె జబ్బే కనిపించింది. కనుక ఇది సముద్రపు చేపల సంగతి మాత్రమే కాదు.

మన కొర్రమట్టను చూడండి. వానాకాలంలో చెరువు అంచున గడ్డిలో గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు నీటిపైన తేలతాయి. ఆయిల్ కూడా నీటిపైనే తేలుతుంది! పిల్లలు గాలి కోసం వచ్చేదీ ఆ పైకే.

దోమలు చావాలని కొందరు కుంటల్లో కాలిన ఆయిల్ పోస్తారు. దోమ పిల్లపురుగులను తినే చిన్న చేపలు కూడా దానితో పోతాయి.

మనం చేయగలిగినవి:

1. ట్రాక్టర్లు, బండ్లు చెరువులో కడగవద్దు.
2. కాలిన ఆయిల్‌ను మూత ఉన్న డబ్బాలో పట్టి, మెకానిక్ షాపులో అప్పగించండి.
3. దోమలు పెరగకుండా ఇంటి చుట్టూ నీరు నిలవనీయకండి. చెరువులో, కుంటలో ఆయిల్ పోయకండి.
4. కిరోసిన్, డీజిల్ వాసన వచ్చే చేపను వండవద్దు. వండినంత మాత్రాన విషం పోదు.

నీటిలోని ప్రాణులను దేవుడు ఐదవ దినమున కలుగజేసి ఆశీర్వదించాడని ఆదికాండములో చదువుతాం. చెరువు మీద బ్రతికే కుటుంబాలు మన సంఘాల్లోనూ ఉన్నాయి. వారి చేపపిల్లలను కాపాడడం మనందరి బాధ్యత.