నేపాల్ బంకులో మన డబ్బు చెల్లుతుందా?

ప్రశ్న: మిత్రులం బైకులపై సునౌలీ మీదుగా పోఖరా, ముక్తినాథ్ వెళ్తున్నాం. పెట్రోలుకు డబ్బు ఎలా తీసుకెళ్లాలి?

జవాబు: మన వంద నోట్లు ఎక్కువగా పెట్టుకోండి. నేపాల్‌లో అవి దాదాపు అంతటా చెల్లుతాయి. ఐదు వందల నోటు మీద అక్కడ చాలాకాలం ఆంక్షలుండేవి. ఇప్పుడు నిబంధనలు సడలుతున్నా బంకువాడు తీసుకుంటాడన్న భరోసా లేదు.

మారకం రేటు 1993 నుంచీ మారలేదు: మన 100కి వాళ్ల 160. బంకులో కొందరు 150 లెక్కే కడతారు. అందుకే సరిహద్దులోనే కొంత నేపాలీ సొమ్ము మార్చుకోండి. బైకుకు రోజుల లెక్కన కట్టే భన్సార్ (కస్టమ్స్) రుసుముకూ అదే పనికొస్తుంది.

అక్కడి 'ఫోన్‌పే' క్యూఆర్‌కు మన యూపీఐతో చెల్లించవచ్చు. మనకు తెలిసిన ఫోన్‌పే కాదిది, కంపెనీ వేరు. యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులు ఇంట్లో ఉండగానే ఆన్ చేసుకోండి, మన సిమ్ ఫోన్‌లోంచి తీయకండి. డెబిట్ కార్డుకూ విదేశీ వాడకం అనుమతి కావాలి. బ్యాంకు లెక్కలో నేపాల్ విదేశమే.

పోఖరా నుంచి ముక్తినాథ్ దారిలో బేనీ దాటాక ఘాట్ రోడ్డు, బంకులు తక్కువ, సిగ్నల్ అంతంతమాత్రం. అక్కడ యూపీఐని నమ్ముకోవద్దు. బేనీలోనే ట్యాంకు నింపి, తిరుగు ప్రయాణానికి సరిపడా నగదు ఇద్దరు ముగ్గురి జేబుల్లో విడివిడిగా ఉంచుకోండి.