లెక్కల క్లాసులో ఆటలా? ఆడనివ్వండి

"బడికి పంపింది చదువుకోవడానికా, ఆడుకోవడానికా?" లెక్కల పీరియడ్‌లో ఆటలాడించారని పిల్లలు చెప్తే చాలామంది తల్లిదండ్రులు ముందు అనే మాట ఇదే. కోప్పడే ముందు ఆ ఆటలో ఏం జరుగుతోందో ఒకసారి చూడండి. 2020 జాతీయ విద్యావిధానం కూడా పజిళ్లు, ఆటలతో గణితం నేర్పమనే చెబుతోంది.

పలకలకు పేరుపడ్డ మార్కాపురం మనది. ఒక పలక తీసుకుని నిలువు మూడు, అడ్డం మూడు, మొత్తం తొమ్మిది గళ్లు గీయండి. 1 నుంచి 9 దాకా ఒక్కో అంకె ఒక్కసారే వాడాలి. అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకు ఎటు కూడినా 15 రావాలి. పాప రాస్తుంది, చెరుపుతుంది. ఒక వరుస కుదిరితే ఇంకోటి తప్పుతుంది. పుస్తకంలో అన్ని కూడికలిస్తే మొహం ముడుచుకునే పిల్లే, ఇక్కడ విసుగు లేకుండా చేసేస్తుంది. చివరికి నడిమి గడిలో 5 ఉండాల్సిందేనని పట్టుకుంటుంది. "ఎందుకమ్మా?" అని అడగండి. 1కి 9, 2కి 8, 3కి 7, 4కి 6 జతపడి పదులవుతాయి, ఒంటరిగా మిగిలేది 5 అని తనంతట తను చెప్పిందంటే, ఆ రోజుకు అంతకుమించిన పాఠం లేదు.

"మాకే చదువు రాదు, పిల్లలకేం చెప్తాం?" అని పలకల పనికో పొలం పనికో వెళ్లే అమ్మానాన్నలు వెనకాడక్కర్లేదు. గిద్దలూరు, కంభం పల్లెల్లో వామనగుంటల ఆట తెలిసిన అవ్వలుంటారు, వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. 14 గుంటల్లో 5 చొప్పున పోస్తే 70 చింతగింజలు. గింజలు చేతిలోకి తీసుకోకముందే ఆఖరి గింజ ఏ గుంటలో పడుతుందో చెప్పమనండి. నోటిలెక్క అలాగే వస్తుంది.

మూడు జాగ్రత్తలు. జవాబు మీరు చెప్పేయకండి, పక్కింటి పిల్లాడితో పోల్చకండి. ఆటలున్నాయి కదా అని ఎక్కాలు మాన్పించకండి. ఎక్కాలు నోటికొస్తే ఆట ఇంకా రంజుగా ఉంటుంది.

ఈసారి బడికి వెళ్లినప్పుడు, ఏ ఆట ఆడించారో, ఇంట్లో ఎలా ఆడించాలో టీచరుగారిని అడిగి తెలుసుకోండి. సాయంత్రం పిల్లల్ని "గెలిచావా?" అని అడిగి వదిలేయకుండా "ఆ ఎత్తు ఎందుకు వేశావు?" అని కూడా అడగండి. తడుముకుంటూ చెప్పినా ఓపిగ్గా వినండి. తన ఆలోచన తను చెప్పుకోగలిగిన పిల్లలు పరీక్షలో కొత్త లెక్క కనబడితే బెదిరిపోరు.